మొండివాటికి ముందు పోసిన రోజు

ఆ గదిలో ఒకటే నియమం. చచ్చేవాటికి ముందు పోయాలి. చావనివాటికి తర్వాత.

అది గోడమీద ఎక్కడా రాసి లేదు. ఇరవై ఆరేళ్ళ క్రితం ఆమె చేరిన రోజున, అంతకుముందు ఆ పని చేసిన ముసలావిడ మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటూ చెప్పింది. "మిగతావి కాగితాల్లో ఉంటాయమ్మా, చదువుకోవచ్చు. ఇది మాత్రం చేతికి రావాలి."

చేతికి వచ్చింది.

గది చిన్నది. కిటికీ లేదు. ఒక గోడకి ఆనించి స్టీలు బల్ల, దాని ముందు గాజు తలుపు. తలుపును ఛాతీ దాకా దించి, కింది సందులోంచి చేతులు మాత్రం లోపలికి పెట్టాలి. లోపల గాలి మర వడగట్టిన గాలిని ఒకే తీరున వదులుతూ ఉంటుంది. ఎదుటి గోడకి బీరువాలాంటి పెట్టె. ఆ పెట్టెలో ఎప్పుడూ మనిషి ఒంట్లో ఉండేంత వేడి. అరల్లో అరచేయంత సీసాలు పక్కకి పడుకోబెట్టి ఉంటాయి. ఒక్కో సీసాలో మూడు చెంచాల ఎర్రటి నీళ్ళు. ఆ నీళ్ళ అడుగున మనిషి కణాలు.

వాటికి తిండి మార్చడం ఆమె పని. పాత నీళ్ళు పీల్చి తీసేసి కొత్తవి పోయాలి. కణాలతో సీసా నిండిపోతే వాటిని విడదీసి రెండు సీసాల్లోకి పంచాలి. అలా ఎన్నోసారి పంచిందో సీసామీద అంకె వేయాలి. అందుకే గేటు దగ్గరి మనిషి నుంచి పై అంతస్తు దాకా అందరూ ఆమెను దాదమ్మ అంటారు. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది. హాజరు తీసుకునేవాడు కూడా ఆ పేరుతో పిలవడు.

కణాలు రెండు రకాలు. మొదటివి ఒక పసికందు చర్మంలోంచి వచ్చాయి. ఆసుపత్రివాళ్ళు పారేయబోయిన గోరంత ముక్క అది. వాటిని ఆమె చంటివి అంటుంది. చంటివి యాభైసార్ల దాకా రెండవుతాయి. తర్వాత ఆగిపోతాయి. వెంటనే చావవు. వెడల్పుగా, పల్చగా, నేలమీద ఆరేసిన గుడ్డల్లా పరుచుకుని అలాగే ఉండిపోతాయి. రెండోవి ఎప్పుడో పోయిన ఒక మనిషి కంతిలోంచి తీసినవి. అవి ఆగవు. వాటికి అంకె వేసి లాభం లేదు. అవి మొండివి.

"మనిషి పోయి నలభై ఏళ్ళయింది. ఆయన పుండు మాత్రం ఇంకా అన్నం తింటోంది," అంది ఆమె చేరిన కొత్తలో. ముసలావిడ నవ్వి, వెంటనే నవ్వు ఆపేసి అంది. "తింటుంది. ఒక్క చుక్క జారి చంటివాటిలో పడిందనుకో, నెల తిరిగేసరికి వాటినీ తింటుంది. కాకి గూట్లో కోయిల గుడ్డు. నీకు తేడా తెలిసేసరికి గూడు నీది కాదు."

అందుకే చంటివాటికి ముందు. మొండివాటికి తర్వాత. వేటి సీసా వాటిది, వేటి నీళ్ళు వాటివి.

ఇప్పుడు ఆమెకు యాభై ఏడు.

సోమవారం పొద్దున మైక్రోస్కోపు కింద ఆమె ఒక సీసా పెట్టి చూసింది. సీసామీద అరవై ఒకటి అని ఉంది. ఆ అంకె ఆమే వేసింది.

చంటివి బతికున్నంతకాలం ఏటివాలు చేపల్లా ఒకే దిక్కుకి పడుకుంటాయి. సన్నగా, పొడుగ్గా. ఆ చేపల మధ్య, కుడివైపు అంచున, ఆమెకు చిన్న చిన్న రాళ్ళు కనిపించాయి. గుండ్రనివీ, మూలలున్నవీ. ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నవి.

ఆమె కన్ను పక్కకి తీసింది. కళ్ళజోడు తుడుచుకుంది. మళ్ళీ చూసింది.

రాళ్ళు ఉన్నాయి.

ఆ సీసాకోసం గురువారం జనం వస్తున్నారు.

ఆ ప్రయోగశాల నడిపే ప్రొఫెసర్‌ను అందరూ పెద్దాయన అంటారు. అరవై ఆరేళ్ళు. ముప్పై ఏళ్ళుగా ఆయనది ఒకటే మాట. ఒంట్లో ప్రతి కణం లెక్క పెడుతుంది. లెక్క పూర్తయితే ఆగుతుంది. ఆగినవి ఎక్కువైతే అదే ముసలితనం. ఒక ఆకులోంచి తీసిన మందును చంటివాటికి ఇచ్చి చూస్తున్నారు. లెక్కను కొంచెం వెనక్కి తిప్పగలమా అని. రెండు సీసాలు ఒకే రోజు మొదలయ్యాయి. మందు పోయని సీసా యాభై దగ్గర ఆగిపోయింది. మందు పోసిన సీసా యాభై దగ్గర నెమ్మదించి, యాభై మూడు దాటాక పరుగందుకుంది. యాభై ఎనిమిది. అరవై. అరవై ఒకటి.

ఆ అంకెలు విన్నప్పుడల్లా పెద్దాయన కుర్చీలోంచి లేచి నిలబడేవారు.

ఎదురు గదిలో ఎలుకల మీద పనిచేసే ఆవిడ ఉంది. ఎలుకల మేడమ్. మధ్యాహ్నం టీ దగ్గర ఆమెకూ పెద్దాయనకూ పడదు. పడకపోతేనే ఇద్దరికీ టీ దిగుతుంది.

"ఒంట్లో ఎవరూ లెక్కలు రాసుకుని కూచోలేదు సార్," అంటుంది ఆమె. "ఒంటికి ఉన్న సత్తువ కొంచెం. కొంత మరమ్మతులకి, కొంత పిల్లల్ని కని పెంచడానికి. పిల్లలు చేతికొచ్చాక మరమ్మతు ఎందుకు? ప్రకృతికి మనతో పనైపోయింది. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు."

"మరి నా చంటివాటికి పిల్లలెక్కడ? అవి యాభైకే ఎందుకాగుతున్నాయి?"

"మీరే చెప్పాలి."

"రెండైన ప్రతిసారీ లోపలి దారాల కొసలు కాస్త తరుగుతాయి. పెన్సిల్ చెక్కినట్టు. చెక్కడానికి ఇంకేం లేనప్పుడు రాత ఆగుతుంది."

"సీసాలో ఉన్నవాటి సంగతి చెప్తారు ఎప్పుడూ. మనుషులు సీసాలో ఉండరు సార్."

"కొందరుంటారు. మా తమ్ముడు."

అందరూ నవ్వేవాళ్ళు. దాదమ్మ కూడా నవ్వేది, గ్లాసును రెండు చేతులతో పట్టుకుని.

రెండు చేతులతో పట్టుకోవడం కిందటేడు మొదలైంది. కుడిచేతి బొటనవేలు ముందు. తర్వాత మణికట్టు. ఊరికే ఉన్నప్పుడు ఏమీ ఉండదు. ఏదైనా పట్టుకుని ఎత్తగానే సన్నగా వణుకుతుంది, దూరంగా బండి వెళ్తుంటే గిన్నెలో నీళ్ళు వణికినట్టు. గాజు తలుపు లోపల ఆమె మణికట్టును స్టీలు అంచుకి ఆనించి పని చేయడం నేర్చుకుంది. ఆనిస్తే తెలియదు.

ఇంకో నాలుగు నెలల్లో ఆమెకు యాభై ఎనిమిది నిండుతాయి. అక్కడితో ఉద్యోగం అయిపోతుంది. ఆపైన రెండేళ్ళు ఉండాలంటే పెద్దాయన సంతకం కావాలి. ఆమె కాగితం ఇచ్చింది. ఆ గదికి చేతులు నిలకడగా ఉన్న మనిషి కావాలి. అది అందరికీ తెలిసిన సంగతి. ఆమెకు ఆ గదిలో పని తప్ప ఇంకేదీ అంత బాగా చేతకాదు. ఇది ఆమెకు మాత్రమే తెలిసిన సంగతి.

ఇంట్లో మొదట కనిపెట్టింది అత్తగారు. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి. వరండాలో ఎండలో కూచుని దిండు గలీబు కుట్టుకుంటోంది. దారం అయిపోతే సూది కోడలికిచ్చింది. దాదమ్మ నాలుగుసార్లు ప్రయత్నించింది. దారం కొస సూది బెజ్జం చుట్టూ తిరిగింది.

"ఇటివ్వు," అని అత్తగారు లాక్కుని ఒక్కసారికి ఎక్కించింది. "నీ చెయ్యేమిటే అట్లా ఆడుతోంది?"

"చలిగా ఉంది అత్తయ్యా."

"ఎండలోనా?"

దాదమ్మ లోపలికి వెళ్ళింది.

ఆమె భర్త నీటి పంపులు బాగుచేస్తాడు. రెండు మోకాళ్ళూ అరిగిపోయి ఇప్పుడు కూచునే బాగుచేస్తున్నాడు. ముసలితనం మీద ఆయన దగ్గర ఒకటే మాట. "బేరింగు అరుగుతుంది. దానికింత చదువెందుకు?"

"మీ పంపుకి గీత పడితే తెల్లారేసరికి పూడుతుందా? నా వేలు తెగితే పూడుతుంది."

"మరి నా మోకాళ్ళెందుకు పూడలేదు?"

 ఇరవై ఆరేళ్ళుగా ఆ గదిలో ఆమె విన్నవి రకరకాలు. ఒకరు లెక్క అంటారు, ఒకరు సత్తువ చాలలేదంటారు. పై అంతస్తులో ఇంకొకాయన మనం పీల్చే గాలే మనల్ని లోపల్నుంచి తుప్పు పట్టిస్తుందంటాడు. అత్తగారి చేతులకి ఇవేవీ చెప్పినట్టు లేదు.

"నన్ను కూడా ఓ సీసాలో పడుకోబెట్టమను మీ పెద్దాయన్ని," అంది అత్తగారు సూది గుచ్చుతూ. "ఎన్నింటికి ఆగుతానో చూసుకుంటాడు."

సోమవారం ఆ రాళ్ళను చూశాక దాదమ్మ స్టూలుమీద కూచుంది. ఎప్పుడు జరిగిందో వెతుక్కోవలసిన పని లేదు. ఆమెకు తెలుసు.

ఏడు వారాలయింది. మూడు రోజుల సెలవు తర్వాత పొద్దున. పెట్టె తెరవగానే మొండివాటి సీసాలు పసుపుపచ్చగా కనిపించాయి. కణాలు కిక్కిరిసి, తిండి అయిపోయి, తమ కుళ్ళులో తామే మునిగితే ఎర్రనీళ్ళు పసుపుకి తిరుగుతాయి. ఇంకో పూట ఆగితే రాలిపోతాయి. చంటివి నిదానంగా ఉన్నాయి. వాటికి సాయంత్రం దాకా పర్వాలేదు.

కొత్త నీళ్ళను చల్లటి చోటునుంచి తీసి గంటసేపు వెచ్చబెట్టాకే పోయాలి. ఆమె రెండు సీసాల నీళ్ళు వెచ్చబెట్టింది. ఒకటి చంటివాటికి, ఒకటి మొండివాటికి. చంటివాటి నీళ్ళ సీసాను ఎత్తి బల్లమీద పెట్టబోతుంటే చెయ్యి ఆడింది. సీసా బల్ల అంచుకి తగిలి నేలమీద పగిలింది.

గదిలో ఎవరూ లేరు. ఆమె మోకాళ్ళమీద కూచుని గాజు పెంకులు ఏరింది. నేల తుడిచింది. పెంకులను కాగితంలో చుట్టి తన సంచిలో వేసుకుంది. చెత్తబుట్టలో వేస్తే ఎవరైనా అడుగుతారు.

ఇంకో సీసా వెచ్చబెట్టాలంటే గంట. పదింటికి పెద్దాయన వచ్చి మందు సీసా చూస్తానన్నారు. అప్పటికి దానికి కొత్త నీళ్ళు పోసి ఉండాలి. మిగిలింది ఒకటే సీసా.

పసుపుపచ్చగా ఉన్నవాటిని చూసింది. ఏడ్చే పిల్లకి ముందు పట్టడం ఎవరి చేతికైనా తోచేదే. మొండివాటికి పోసింది. పోసేటప్పుడు, నీళ్ళు పీల్చి పోసే పిపెట్ కొస ఏదో ఒక సీసా మూతికి తగిలినట్టనిపించింది. తగిలిందా, చెయ్యి వణికినందుకు అలా అనిపించిందా? ఆగి ఆలోచిస్తే బాగుండేది. బయట అడుగుల చప్పుడు వినిపించింది. అదే నీళ్ళు, అదే సీసాలోంచి, మందు పోసిన చంటివాటికి పోసింది. రెండో చంటి సీసాకి గంట తర్వాత కొత్త నీళ్ళతో పోసింది.

అప్పటికి మందు సీసామీద నలభై ఆరు.

ఏ పూట వేటికి పోసిందో రాసే పుస్తకంలో ఆ రోజు ఇలా ఉంది. చంటివి, తొమ్మిది. మొండివి, పదిన్నర. అది ఆమె పొద్దున్నే రాస్తుంది. చెప్పులు విప్పి, కోటు వేసుకుని, పని మొదలెట్టకముందు రాసేస్తుంది. ఇరవై ఆరేళ్ళలో వరస తప్పింది లేదు కాబట్టి ముందే రాసినా, తర్వాత రాసినా ఒకటే అయింది. ఆ రోజుదాకా.

సోమవారం మధ్యాహ్నం ఆమె ఒక పని చేసింది. అరవై ఒకటి సీసాలోంచి కొన్ని కణాలు తీసి ఒక చిన్న గిన్నెలో ఒత్తుగా వేసింది. చంటివి పక్కదానికి తగలగానే ఆగుతాయి. గిన్నె నిండితే మర్యాదగా ఒకే వరస పరుచుకుని ఊరుకుంటాయి. మొండివాటికి ఆ మర్యాద లేదు. చోటు లేకపోతే ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. బుధవారం సాయంత్రానికి గిన్నె నిండుతుంది. అప్పుడు తెలుస్తుంది.

తప్పుగా చూసి ఉండవచ్చు. అద్దాలు మార్చుకుని ఏడాదయింది.

మంగళవారం పెద్దాయన రెండుసార్లు వచ్చారు. మొదటిసారి సీసాను వెలుతురుకి ఎత్తి చూశారు. నిజానికి అలా చూస్తే ఏమీ కనపడదు. అయినా చూశారు.

"దాదమ్మా, ముప్పై ఏళ్ళమ్మా," అన్నారు. "నేను చేరినప్పుడు నా జుట్టు ఎలా ఉండేదో తెలుసా?"

"ఫోటోలో చూశాను సార్. చెవులు కనపడవు."

"ఎల్లుండి అందరూ ఇది చూస్తారు. ఎలుకల మేడమ్ ముందు వరసలో కూచుంటుంది. నేనే కూచోబెట్టమన్నాను."

రెండోసారి ఒక కాగితం పట్టుకొచ్చారు. ఆమె ఇచ్చిందే. కింద ఆయన సంతకం ఉంది. "రెండేళ్ళు. నువ్వు లేకపోతే వీటిని ఎవరికి అప్పజెప్తానమ్మా?"

ఆమె కాగితం ఎడమచేత్తో అందుకుంది. సొరుగులో పెట్టింది. థాంక్స్ చెప్పిందో లేదో గుర్తులేదు. ఆయన వెళ్ళాక పెట్టె తలుపు కొంచెం తెరిచి, గిన్నెను చూసి, మూసేసింది. ఊరికే తెరిస్తే వేడి పోతుంది. ఆ సంగతి అందరికీ చెప్పేది ఆమే. ఆ రోజు ఐదుసార్లు తెరిచింది.

సాయంత్రం ఇంట్లో సంతకం సంగతి చెప్పింది. భర్త సంతోషించాడు. "ఇంకేం! మొహం అట్లా పెట్టావేం మరి, బేరింగు పట్టేసినట్టు?"

"ఏం లేదండీ. తలనొప్పి."

 కోడలు గ్లాసు అందిస్తుంటే, అత్తగారు గ్లాసును కాకుండా చేతిని పట్టుకుంది. కాసేపు అలాగే పట్టుకుంది. లోపల ఏదో చిన్న పురుగు కదులుతున్నట్టుంది.

"నోరు దాచుకోవచ్చు. పళ్ళు దాచుకోవచ్చు," అంది మెల్లగా. "చెయ్యెక్కడ దాస్తావే? అన్నం తినాలిగా."

"రెండేళ్ళే కదా అత్తయ్యా."

"నీకు రెండేళ్ళు. వాళ్ళకి?"

సీసాల మాట విన్నా, వాటిలో ఉన్నవేమిటో అత్తగారికి ఎక్కదు. దాదమ్మ చేతులతో పాలు తాగే పసిపిల్లలు ఎక్కడో ఉన్నారనే ఆమె ఇప్పటికీ అనుకుంటుంది. ఎన్నిసార్లు చెప్పినా అంతే.

బుధవారం నాలుగింటికి దాదమ్మ గిన్నె తీసింది. మైక్రోస్కోపు దాకా పది అడుగులు. గిన్నెను రెండు చేతులతో మోసింది. అద్దాలు తుడిచింది. చూసింది.

మధ్యలో కుప్ప. చుట్టూ ఇంకొన్ని కుప్పలు. ఒకదానిమీద ఒకటి, దానిమీద ఇంకొకటి. ఆ కుప్పల కింద అక్కడక్కడా కొన్ని వెడల్పాటి పల్చటి గుడ్డలు, కదలకుండా. చంటివి తమ లెక్క ప్రకారం యాభై దగ్గర ఎప్పుడో ఆగిపోయాయి. అవి మాట తప్పలేదు. యాభై మూడు నుంచి అరవై ఒకటి దాకా పరిగెత్తింది అవి కావు.

ఆమె స్టూలుమీద కూచుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. రేపు పదింటికి. సొరుగులో కాగితం ఉంది. గిన్నెను కడిగేస్తే ఎవరికీ తెలియదు. పుస్తకంలో వరస సరిగ్గానే ఉంది. ఏడాదికో, రెండేళ్ళకో ఇంకెక్కడో ఎవరో ఇదే మందు పోసి చూస్తారు. వాళ్ళ చంటివి యాభైకే ఆగుతాయి. అప్పుడు పెద్దాయన్ని అడుగుతారు. అప్పటికి ఆయనకు అరవై ఎనిమిది. తన రెండేళ్ళూ అప్పటికి అయిపోవస్తాయి.

ఆమె లేచి పెద్దాయన గదికి వెళ్ళింది. ఆయన రేపు చెప్పవలసింది చదువుకుంటున్నారు.

"సార్, ఒకసారి రండి."

"రేపు చూద్దాంలే దాదమ్మా."

"రేపు కాదు సార్."

ఆయన ఆమె మొహం చూసి లేచారు. నడవాలో ఆమె ముందు నడిచింది. కణాల గదిలోకి రాగానే ఆమె తలుపు మూసింది.

"అరవై ఒకటి సీసా కలిసిపోయింది సార్. మొండివి పడ్డాయి."

ఆయన నవ్వబోయారు. తర్వాత వంగి చూశారు. చాలాసేపు చూశారు. గిన్నెను ఇటు జరిపారు, అటు జరిపారు.

"మందువల్ల ఆకారం మారుతుంది," అన్నారు, కన్ను తీయకుండా.

"ఒకదానిమీద ఒకటి ఎక్కుతున్నాయి."

"మందువల్ల."

"చంటివి కింద ఉన్నాయి సార్. ఆగిపోయి ఉన్నాయి. ఎడమవైపు చూడండి."

ఆయన ఎడమవైపు చూశారు. గాలి మర చప్పుడు ఒక్కటే వినిపించింది.

"ఎప్పుడు?"

ఆమె తేదీ చెప్పింది. ఆయన పుస్తకం తీసి ఆ పేజీ తిప్పారు. వేలు పెట్టి చూపించారు. గొంతులో ఆశ వచ్చింది. "ఇదిగో. నీ దస్తూరీయే. చంటివి తొమ్మిదింటికి. మొండివి పదిన్నరకి. వరస సరిగ్గానే ఉంది."

"అది పొద్దున్నే రాస్తాను సార్. పని మొదలెట్టకముందే."

"ఎన్నాళ్ళనుంచి?"

"మొదట్నుంచి."

ఆయన పుస్తకం మూయలేదు. ఆ రెండు వాక్యాలు ఇంకోసారి చదివారు.

"ఇది ఎవరికి తెలుసు?"

"మీకు. నాకు."

ఆయన తలుపు వైపు చూశారు. తలుపు మూసే ఉంది.  ఆ క్షణంలో ఆయన ఊఁ అని వెళ్ళిపోతే తాను ఏం చేస్తుందో ఆమెకు తెలియలేదు.

"వరస ఎందుకు తప్పావు?" అన్నారు చివరికి. "నువ్వు తప్పవు కదా."

"ఒకటే సీసా ఉంది. ఇంకోటి పగిలింది."

"ఎలా పగిలింది?"

తడిగా ఉండి జారింది అనవచ్చు. ఎవరి చేతిలోంచైనా జారుతుంది. ఆ ఒక్క మాట అంటే తప్పు ఒక రోజుది అవుతుంది. కాగితం సొరుగులో అలాగే ఉంటుంది.

ఆమె మైక్రోస్కోపు పక్కనున్న ఖాళీ సీసా కుడిచేత్తో తీసుకుంది. మణికట్టును దేనికీ ఆనించకుండా, ఇద్దరి మధ్య గాలిలో ఎత్తి పట్టుకుంది.

ఆయన చూశారు. కణాల్ని చూసినట్టే, కదలకుండా, చాలాసేపు చూశారు. సీసా ఆమె చేతిలో సన్నగా ఆడుతూనే ఉంది.

"దించమ్మా," అన్నారు.

 గిన్నె వైపు ఇంకోసారి వంగబోయి, వంగకుండానే వెళ్ళిపోయారు. ఆమె సొరుగులోంచి సంతకం పెట్టిన కాగితం తీసి, తెరిచి ఉన్న పుస్తకంలో పెట్టి, పుస్తకాన్ని ఆయన బల్లమీద ఉంచి వచ్చింది. ఆయన తల ఎత్తలేదు.

గురువారం ఆమె హాలులో చివరి వరసలో కూచుంది. ఆయన ఏం చెప్తారో తెలియదు. పొద్దున ఎదురుపడినప్పుడు కూడా చెప్పలేదు. ఎలుకల మేడమ్ ముందు వరసలో, చేతులు కట్టుకుని ఉంది. కుర్చీలు నిండాయి. వెనక కొందరు నిలబడ్డారు.

దీపాలు ఆర్పి తెరమీద బొమ్మ వేశారు. సీసా బొమ్మ. దానిమీద అరవై ఒకటి, ఆమె చేతిరాత, మనిషంత ఎత్తున. అంకె కాళ్ళు కొంచెం వంకరపోయి ఉన్నాయి. అంత పెద్దది చేస్తే గాని ఆ వంకర కనపడదు.

హాలులో చప్పట్లు మొదలయ్యాయి. పెద్దాయన చెయ్యెత్తి ఆపారు.

"మీకు చూపిద్దామనుకున్న సీసా ఇది," అన్నారు. నీళ్ళు తాగారు. దాదమ్మ ముందున్న కుర్చీ వీపు పట్టుకుంది.

"ఇందులో ఉన్నవి నేననుకున్నవి కావు."

నలభై నిమిషాల ప్రసంగం తొమ్మిది నిమిషాల్లో అయిపోయింది. మందు పోయనివి యాభైకి ఆగాయని చెప్పారు. మందు పోసినవి కూడా దాదాపు అక్కడే ఆగినట్టున్నాయని, మిగతా పరుగంతా కంతి కణాలదని చెప్పారు. మందు పనిచేస్తుందో లేదో ఇప్పుడు తనకు తెలియదని చెప్పారు. నలభై రెండు దగ్గర గడ్డకట్టించి దాచినవి ఉన్నాయి, మళ్ళీ మొదలుపెడతానన్నారు. దిగబోతూ ఆగారు.

"లెక్క మరిచిపోయినవి ఎప్పుడూ లేతగానే కనిపిస్తాయి. నేను దాన్నే చూసి మురిశాను."

వెనకనుంచి ఎవరో అడిగారు, తప్పు ఎక్కడ జరిగిందని.

"నా గదిలో," అన్నారు ఆయన.

 టీ దగ్గర ఎలుకల మేడమ్ ఒక గ్లాసు తెచ్చి ఆయన చేతికిచ్చి పక్కన నిలబడింది. ఆమె తిట్టి ఉంటే ఆయనకు తేలిగ్గా ఉండేదేమో. ఆయన టీ తాగలేదు.

మధ్యాహ్నం ఆయన కణాల గదికి వచ్చారు. దాదమ్మ కోటు వేసుకుని నిలబడి ఉంది. చంటివాటికి అప్పుడే పోయడం పూర్తయింది. ఆయన తిప్పి పంపిన పుస్తకంలో ఆ పూట ఇంకా ఏమీ రాయలేదు. పోశాక రాద్దామని పక్కన పెన్ను పెట్టుకుంది.

"నలభై రెండోది ఉందా?"

"మూడు గొట్టాలున్నాయి సార్."

"ఈ నెలాఖరుకి ఒక మనిషి వస్తుంది. వాటిని తన చేతే తెరిపిద్దాం." ఆగారు. "నువ్వు పక్కనుండి నేర్పు. ఆ తర్వాత…"

"తెలుసు సార్."

"ఆ కాగితం…"

"తెలుసు సార్. మీరు చింపక్కర్లేదు, నేనే వెనక్కి తీసుకుంటాను."

ఆయన పెట్టె వైపు చూశారు. "దాన్ని పారెయ్."

ఆమె అరవై ఒకటి సీసా తీసుకుని సింకు దగ్గరికి వెళ్ళింది. మూత విప్పింది. బ్లీచు డబ్బా కుడిచేత్తో ఎత్తింది. సింకుకి అంచు ఉంది. మణికట్టు ఆనించవచ్చు. ఆమె ఆనించలేదు.

డబ్బా మూతి సీసా మూతికి తగిలింది. టకటకమని కొట్టుకుంది. ఇరవై ఆరేళ్ళలో ఆమె పోస్తున్నప్పుడు ఆ గదిలో గాలి మర తప్ప వేరే చప్పుడు లేదు. ఎర్రనీళ్ళు ఒక్కసారి ముదిరి, తర్వాత పాలిపోయి, తర్వాత రంగు లేకుండా అయిపోయాయి. అడుగున ఉన్నవన్నీ, మొండివీ చంటివీ, ఊడి తేలాయి.

ఆయన తలుపు దగ్గర నిలబడి ఆ చప్పుడు ఆగేదాకా విన్నారు. ఆగడానికి కాస్త సమయం పట్టింది.